నలభై రెండు చుట్లు

కోర్టు హాలు నంబరు పదిహేడు.
మధ్యాహ్నం రెండున్నరకు మా ఐటమ్ వచ్చింది.
జడ్జిగారు నా రిపోర్టు తిరగేస్తుంటే
నా చేతిరాతను ఎవరో పదిమందిలో పైకి చదివినట్టు
చెవులు వేడెక్కాయి.

ఏదుల పోచమల్లు, వాల్వ్ ఆపరేటర్,
బోరబండ రిజర్వాయర్, నైట్ షిఫ్ట్.
రెండూ నలభైకి మూయాల్సిన నాలుగో వాల్వ్
నాలుగూ ఐదుకు మూశాడు.
మధ్యలో నిద్రపోయాడు.
గంటా ఇరవై ఐదు నిమిషాలు
మంచినీళ్లు గుట్ట దిగి బస్తీలోకి నడిచాయి,
పదకొండు గడపలు దాటాయి.
ఒక టైలర్ దుకాణంలో
పెళ్లివాళ్ల జాకెట్లు రంగు వదిలాయి.

విచారణాధికారిని నేనే.
నా ముందున్న ఫారంలో గళ్లు రెండే:
రుజువైంది, రుజువు కాలేదు.
"వరుసగ మూడో రాత్రి సార్, రిలీవర్ రాలే" అన్నాడు.
ఆ మాట పెట్టడానికి గడి లేదు.
తొమ్మిదో పేజీ అడుగున
'ఈ అంశం అభియోగానికి సంబంధించినది కాదు' అని రాసి
చుక్క పెట్టాను.
ఇరవై రెండేళ్ల సర్వీసును
ఆ చుక్క మీద నిలబెట్టి తోసేశారు పైవాళ్లు.
అప్పీలుకు జవాబు ఒకటిన్నర లైను.

నాలుగేళ్లు
మోతీనగర్ మెట్ల మీద
ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాలు మోశాడట.

"సాక్ష్యాలను మళ్లీ తూచే పని నాది కాదు"
అన్నారు జడ్జిగారు.
మా వకీలు తలూపాడు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను.
"నిర్లక్ష్యం ఉంది. దాన్ని ముట్టుకోను."
తర్వాత కళ్లజోడు తీశారు.
"కానీ ఈ తప్పుకు ఈ శిక్షా?
అంతకుముందు ఇరవై రెండేళ్లలో
ఎన్నిసార్లు నిద్రపోయాడు?"
వకీలు నా వైపు చూశాడు.
నేను ఫైలు వైపు చూశాను.
ఫైలు ఎవరి వైపూ చూడలేదు.

ఇక్కడ నా రిపోర్టులో లేని సంగతి ఒకటి.
మూడో సిట్టింగ్. మే నెల. ఖైరతాబాద్ ఆఫీసు, రెండో అంతస్తు.
కూలర్లో నీళ్లు అయిపోయాయి.
అన్నం తిని వచ్చి కూర్చున్నాను.
పోచమల్లు తన వాంగ్మూలం చెప్తున్నాడు,
నేను కునుకు తీశాను.
ఎంతసేపో తెలీదు, నా నిద్రకు లాగ్‌బుక్ లేదు.
మెలకువొచ్చేసరికి
టైపిస్టు పరిమళ గోడ మీది క్యాలెండర్ చదువుతోంది.
అతను చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు,
ఆపిన మాట దగ్గరే.
"యాడిదాంక జెప్పిన సార్?" అన్నాడు
తనే మరిచిపోయినట్టు.

అఫిడవిట్ కాపీ అందిన రోజు
ఆ మధ్యాహ్నం కోసం పేరా పేరా వెతికాను.
ఇరవై ఆరు పేరాలు.
సహజ న్యాయం అన్న మాట రెండుసార్లు ఉంది,
నా గురక ఒక్కసారీ లేదు.

తొలగింపు రద్దు. రెండు ఇంక్రిమెంట్ల కోత.
పాత జీతం లేదు.
నాలుగు వారాల్లో పనిలోకి తీసుకోవాలి.
నా రిపోర్టులో ఒక్క అక్షరం కూడా కొట్టేయలేదు కోర్టు.
కొట్టేసి ఉంటే బాగుండేదని
నయాపూల్ దాకా నడుస్తూ అనుకున్నాను.
కింద మూసీ,
ఎవరు వదిలారో, ఎవరు మరిచారో,
అన్నీ కలిసిపోయిన నీళ్లు.

మా ఇల్లు ఎర్రగడ్డ.
నల్లా రోజు విడిచి రోజు, చీకటుండగానే.
అతను డ్యూటీలో చేరాడని నిన్న తెలిసింది.
ఇవాళ నాలుగున్నరకే లేచి బిందె పెట్టాను.
నాలుగో వాల్వ్ తెరవడానికి నలభై రెండు చుట్లని
విచారణలో చెప్పాడు.
నేను మెలకువగా విన్నవాటిలో అదొకటి.
లెక్కపెట్టడం మొదలుపెట్టాను,
ఇనుప చక్రం మీద అతని చేతులను ఊహిస్తూ.
ముప్పై దాటాక ఎక్కడో తప్పాను.
మళ్లీ ఒకటి నుంచి అందుకునేలోగా
పైపు దగ్గింది.
ముందు గాలి.